చిత్తుకాగితం కూడా అమానతే

మూడేళ్ళ క్రితం రజబ్ నెలలో ఒక సాయంత్రం అసర్ నమాజు అనంతరం మేము బజారు మీదుగా మదరసాకు తిరిగి వస్తూ, పిల్లలకోసం బజ్జీల బండి దగ్గర ఆగి నాలుగు పొట్లాలు కట్టించుకున్నాము. మదరసాకు చేరి పొట్లం విప్పగానే మా చెయ్యి ఆగిపోయింది. నూనెతో తడిసి పారదర్శకమైపోయిన ఆ కాగితం మీద మాకు బాగా పరిచయమైన అక్షరాలే ఉన్నాయి. అది అంతకుముందు సంవత్సరం మా మదరసాలో నాలుగో తరగతికి ఇచ్చిన హదీసు ప్రశ్నపత్రం. పైభాగాన బిస్మిల్లాహ్, దాని కింద ఒక హదీసు పాఠం, ఆ హదీసుకు సరిగ్గా అడ్డంగా మిరపకాయ బజ్జీ!

బండి అతనికి ఆ లిపి తెలియదు, కనుక తప్పు అతనిది కాదు. పాత కాగితాలు అతనికి అమ్మిన వ్యాపారిదీ కాదు. ప్రతి సంవత్సరం పరీక్షలు ముగిసిన తరువాత గదులు ఊడ్చి, కాగితాలన్నీ గోనెసంచుల్లో కుక్కి, తూకానికి అమ్మివేసి, వచ్చిన డబ్బును నూనెకో సబ్బుకో జమచేసి చేతులు దులుపుకున్నది మేమే. తరగతి గదిలో పిల్లవాడు పాఠ్యపుస్తకాన్ని నేలమీద పెడితే మందలించే మేము, అదే పుస్తకంలోని వాక్యాలను నడిబజారుకు పంపించాము. ఆ రాత్రి ఇషా తరువాత సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఆ సంఘటన నుండి మేము నేర్చుకున్న విషయాలను, అందులో చేసిన మరొక పొరపాటును కూడా దాచకుండా, పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. మదరసాలో పుట్టిన సమస్యే అయినా ప్రతి ముస్లిం గృహంలోనూ అది ఉన్నది. ఉర్దూ దినపత్రిక, పెళ్ళి శుభలేఖ, పిల్లల నోటు పుస్తకం, రమజాన్ వేళల పట్టిక, మీరిప్పుడు చదువుతున్న ఈ మాసపత్రిక - ఇవన్నీ ఒకనాడు చిత్తుకాగితాలు కావలసినవే.

పలకను కడిగిన రోజులు

మేము చదువుకునే రోజుల్లో చిన్నపిల్లల చేతికి కాగితం అంత సులభంగా దొరికేది కాదు. మాకు తఖ్తీ ఉండేది. చెక్కపలకకు ముల్తానీ మట్టి పూసి, ఎండబెట్టి, దాని మీద రెల్లు కలంతో, ఇంట్లో కాచిన నల్లసిరాతో రాసేవాళ్ళము. ఉస్తాద్ చూసి దిద్దిన తరువాత పలకను కడిగి మళ్ళీ మట్టి పూసేవాళ్ళము. పలక కడిగిన నీళ్ళను మురికికాలువలో పోయనిచ్చేవారు కాదు. మదరసా ఆవరణలో ఒక వేపచెట్టు ఉండేది, ఎవరూ తొక్కని చోట దాని మొదట్లో పోయమనేవారు. అక్షరం చెరిగిపోయినా దాన్ని మోసిన నీటికి సైతం మర్యాద ఉంటుందన్న పాఠం మాకు ఏ గ్రంథమూ చదవకముందే ఆ చెట్టు నేర్పింది.

నేడు కాగితం చవకైంది. చవకైన వస్తువు మీద గౌరవం కూడా చవకైపోవటం మనిషి బలహీనత. దుబారాను దివ్య ఖుర్‌ఆన్ ఎంత కఠినంగా గర్హించిందో మనకు తెలుసు. ప్రవహించే నది ఒడ్డున కూర్చున్నా వుజూ కోసం నీటిని అవసరానికి మించి వాడవద్దన్న ప్రవక్త (స) బోధన మన పిల్లలకు కంఠస్థమే. అయితే ఇస్రాఫ్ అనగానే మనకు పెళ్ళి విందుల్లో పారవేసే అన్నమే గుర్తుకు వస్తుంది గాని, ఒకవైపు మాత్రమే రాసి నలిపి పారవేసే కాగితం గుర్తుకు రాదు.

పాత గుడ్డల నుండి పుట్టిన కాగితం

కాగితం చరిత్రను గమనిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. చైనాలో పుట్టిన ఈ కళ క్రీ.శ. 751లో జరిగిన తలాస్ యుద్ధ కాలం తరువాత సమర్‌ఖంద్‌లో వేళ్ళూనుకున్నది. 8వ శతాబ్దం ముగిసేనాటికి అబ్బాసీల రాజధాని బాగ్దాదులో కాగితం తయారీ మొదలైంది. అక్కడ కాగితాలు, పుస్తకాలు అమ్మే వారికి ప్రత్యేకంగా ఒక బజారే వెలసింది. దానిని సూఖుల్ వర్రాఖీన్ అనేవారు. ఆ కాగితానికి ముడిసరుకు ఏమిటి? చిరిగిన నారగుడ్డలు, తెగిన తాళ్ళు. వాటిని నానబెట్టి, దంచి, గుజ్జు చేసి, జల్లెడ వంటి అచ్చుతో తేర్చి, పలకలుగా ఆరబెట్టేవారు. అంటే మన పూర్వికుల గ్రంథాలయాలు ఒక విధంగా పారవేయదగిన వస్తువుల మీదనే నిలబడ్డాయి.

ఆ విద్య మన దేశానికీ వచ్చింది. దౌలతాబాద్ సమీపంలోని కాగజీపురా, జైపూర్ దగ్గరి సంగానేర్ గ్రామాలు చేతి కాగితానికి పేరుపొందాయి. ఈ పని చేసిన ముస్లిం కుటుంబాలకు కాగజీలన్నదే ఇంటిపేరయింది. మన తెలంగాణలో నిజాం కాలంలో వెలసిన కాగితపు మిల్లు చుట్టూ పెరిగిన పట్టణానికి కాగజ్‌నగర్ అన్న పేరే స్థిరపడింది. కాగితపు నారను మళ్ళీ మళ్ళీ గుజ్జు చేసి కొత్త కాగితం తీయవచ్చు. ప్రతిసారీ నార కొంత పొట్టిదవుతుంది గనుక సుమారు ఐదారు మార్లకు అది బలం కోల్పోతుంది. కనుక శుభ్రమైన పాత కాగితానికి అన్నిటికన్నా ఉత్తమమైన గమ్యం తిరిగి కాగితపు మిల్లే. ఈ మాట ముందే చెప్పటానికి కారణమున్నది. రాబోయే వాక్యాల్లో మేము కాగితపు ఇటుకల గురించి చెప్పబోతున్నాము. అమ్ముడుపోయే మంచి కాగితాన్ని పొయ్యిలో పెట్టమని మేము చెప్పటం లేదు. నలిగినవి, చిరిగినవి, తడిసినవి, వ్యాపారి వద్దని పక్కన పడేసినవి - వాటికోసమే ఈ ప్రయత్నం.

తొందరపాటు, దాని ఫలితం

ఆ ఏడు షాబాన్ పరీక్షలు ముగిశాయి. ఈసారి ఒక్క కాగితం కూడా బజారుకు పోకూడదని నిశ్చయించుకున్నాము. మరేం చేయాలి? కెన్యా, మలావీ వంటి ఆఫ్రికా దేశాల్లో గ్రామీణులు చిత్తుకాగితాన్ని, వ్యవసాయపు పొట్టును కలిపి నానబెట్టి, చేతియంత్రంతో అదిమి, వంటచెరకుగా వాడుకుంటారని మేము చదివి ఉన్నాము. చలికాలం ఫజ్ర్ వేళ పిల్లల వుజూకు నీళ్ళు కాచటానికి మా మదరసాలో ఒక పెద్ద డేగిసా, ఆరుబయట ఒక రాతిపొయ్యి ఉన్నాయి. ఆ పొయ్యికి ప్రతి సంవత్సరం కట్టెలు కొంటాము. కాగితమంతా ఇటుకలు చేస్తే అవమానమూ తప్పుతుంది, కట్టెల ఖర్చూ తగ్గుతుందని సంబరపడ్డాము.

నీటిలో నానిన తరువాత అక్షరాలన్నీ కరిగిపోతాయిలే అనుకోవటమే మా తప్పు. సుమారు నూరు ఇటుకలు చేసి మిద్దె మీద ఆరబెట్టాము. మూడవనాడు మా వంట ఖాలా, వయసులో మాకన్నా పెద్దావిడ, ఒక ఇటుకను కొంగులో పెట్టుకుని మా గది గుమ్మం దగ్గరకు వచ్చారు.

“మౌల్వీ సాబ్, నాకు చదువు రాదు. కానీ ఈ ఒక్క పేరు మాత్రం గుర్తుపడతాను. దీన్ని పొయ్యిలో పెట్టమంటారా?” అన్నారు.

ఇటుక మీద గోరంత కాగితపు ముక్క. దాని మీద జెరాక్స్ అక్షరాల్లో అల్లాహ్ పేరు, చెక్కు చెదరకుండా.

మాకు నోట మాట రాలేదు. మిద్దె ఎక్కి ఒక్కొక్క ఇటుకను తిరగేసి చూస్తే మరో ఏడెనిమిదింటిలో అలాంటి ముక్కలే కనిపించాయి. పైకి కనిపించనివి లోపల ఎన్ని ఉన్నాయో! ఆవిడ చూడకపోయి ఉంటే చలికాలంలో మా చేతులతో మేమే వాటిని నిప్పుల్లోకి తోసేవాళ్ళము.

పెద్దాయన చెప్పిన మాట

మాకు పాఠాలు చెప్పిన ఉస్తాద్‌లలో ఒకరు ఎనభై దాటిన వయసులో మా ఊరికి సమీపంలోనే ఉన్నారు. ఆ సాయంత్రమే వెళ్ళి జరిగింది చెప్పాము. ఆయన చాలాసేపు మౌనంగా విని, “బేటా, కాగితాన్ని పొదుపు చేశావు, అదబును ఖర్చు చేశావు” అన్నారు. ఆ తరువాత విషయాన్ని విప్పి చెప్పారు.

మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (ర) ప్రామాణిక ప్రతులను తయారు చేయించి ప్రాంతాలకు పంపిన తరువాత, మిగిలిన ప్రతులను కాల్చివేయమని ఆదేశించారు. కనుక ఏ సందర్భంలోనూ దహనం తగదని అనలేము. ఆ దహనం దైవగ్రంథాన్ని భేదాల నుండి కాపాడటానికి జరిగింది. వేడినీళ్ళ కోసం జరగలేదు. కాల్చటం వేరు, కాల్చి లాభం పొందటం వేరు.

ఇక హనఫీ ధర్మశాస్త్రవేత్తలు ఉపయోగంలో లేని గ్రంథాల గురించి చెప్పింది మాకు దుర్రె ముఖ్తార్‌లో పాఠమే. అల్లాహ్ పేరు, దైవదూతల, ప్రవక్తల పేర్లు చెరిపివేసిన తరువాత మిగిలిన దానిని కాల్చవచ్చు. ఉన్నదున్నట్లు పారేనీటిలో విడువవచ్చు. లేదా పాతిపెట్టవచ్చు, అదే మేలైనది.

“నీవు చెరిపివేయటం అన్న షరతును నీటికి అప్పగించావు. పాతకాలపు సిరా నీటికి లొంగేది. నీ జెరాక్స్ సిరా లొంగుతుందా?” అని పెద్దాయన అడిగారు.

ఆ ప్రశ్నలోనే మా పొరపాటు మొత్తం ఉన్నది. మసితో, బంకతో చేసిన పాత సిరా తడి తగిలితే కరిగేది, అందుకే తఖ్తీని కడగగలిగాము. జెరాక్స్ అక్షరం అసలు సిరాయే కాదు. అది వేడితో కాగితానికి కరిగించి అతికించిన సన్నని ప్లాస్టిక్ పొడి. అచ్చుపత్రిక సిరా, బాల్‌పెన్ను సిరా నూనె వంటి ద్రవంతో తయారవుతాయి. నీళ్ళు వాటిని నానబెడతాయి గాని చెరపవు. శాస్త్రం తెలిసి కూడా వస్తువు స్వభావం తెలియకపోతే ఫత్వా తప్పిపోతుందని మాకు యాభై దాటిన వయసులో తెలిసివచ్చింది.

ఆ నూరు ఇటుకలను శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఖబరస్తాన్ మూల ఎవరి అడుగూ పడని చోట లోతైన గొయ్యి తీసి పాతిపెట్టాము. గొయ్యి తీసింది మా పెద్ద తరగతి విద్యార్థులు. ఎందుకు తీస్తున్నారో వారికి దాచకుండా చెప్పాము. ఉస్తాద్ తన తప్పును ఒప్పుకోవటం చూడటం కూడా వారి చదువులో భాగమే.

మూడు పెట్టెలు

మిగిలిన కాగితమంతటినీ తిరిగి ఏరటానికి పిల్లలకు రెండు రోజులు పట్టింది. అప్పటినుండి మదరసాలో మూడు పెట్టెలు పెట్టాము. ఇదే పద్ధతిని ఇంట్లోనూ పాటించటం కష్టమేమీ కాదు.

మొదటిది గౌరవపు పెట్టె. గోడకు మనిషి ఎత్తున వేలాడదీసిన మూతగల సంచి అయినా చాలు. దివ్య ఖుర్‌ఆన్ వాక్యాలు, హదీసులు, అల్లాహ్ పేరు, ప్రవక్తల పేర్లు ఉన్న ప్రతి కాగితం ఇందులోకే. ఇక్కడ ఒక విషయం మరీ మరీ గుర్తుంచుకోవాలి. అరబీ, ఉర్దూ లిపి ఉంటేనే గౌరవించి, తెలుగులో ఉన్నదాన్ని విడిచిపెట్టే అలవాటు మన ఇళ్ళల్లో ఉన్నది. ‘అల్లాహ్’ అని తెలుగులో అచ్చయినా అది ఆయన పేరే. పెళ్ళి శుభలేఖల పైభాగాన్ని, క్యాలెండరు వెనుక పేజీని, సంతాప ప్రకటనను తప్పక చూడాలి. శుభలేఖ పెద్దదైతే పవిత్ర వాక్యమున్న భాగాన్ని కత్తిరించి ఈ సంచిలో వేసి, మిగిలినది వేరుగా తీయవచ్చు. సంచి నిండినప్పుడు ఖబరస్తాన్‌లోనో, ఎవరూ తొక్కని మరో శుభ్రమైన చోటనో పాతిపెట్టటం ఉత్తమం. మీ మస్జిదు కమిటీ ఏడాదికి ఒకసారి ఇందుకు ఏర్పాటు చేస్తే మొహల్లా అంతటికీ భారం తీరుతుంది.

రెండవది అమ్మకపు పెట్టె. మామూలు దినపత్రికలు, నోటు పుస్తకాలు, అట్టపెట్టెలు ఇందులోకి. ఇవి మిల్లుకే చేరాలంటే పేజీలను అడ్డంగా చింపి కట్టలు కట్టండి. పొట్లానికి పనికిరాని కాగితాన్ని తినుబండారాల వ్యాపారి కొనడు. దీనివల్ల మరో మేలు కూడా ఉన్నది. అచ్చుసిరాలోని రసాయనాలు, లోహాలు వేడి నూనెతో కలిసి తినుబండారాల్లోకి చేరుతాయి. అందుకే ఆహార పదార్థాలను వార్తాపత్రికల్లో చుట్టటం, నిలువచేయటం కూడదని మన దేశపు ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018 నాటి ప్యాకేజింగు నిబంధనల్లోనే నిషేధించింది. ఇంట్లో గారెలు, పూరీల నూనె పీల్చటానికి దినపత్రిక పరిచే అలవాటున్న సోదరీమణులు దయచేసి దానిని మానుకోవాలి.

మూడవది చిత్తుపెట్టె. పవిత్ర వాక్యాలు లేనివని నిర్ధారించుకున్న నలిగిన, చిరిగిన, తడిసిన కాగితాలు. ఇటుకలు చేయటానికి ఇవి మాత్రమే.

ఇటుకల తయారీ

మూడో పెట్టెలోకి కూడా రాకూడనివి కొన్ని ఉన్నాయి. ప్లాస్టిక్ పొర ఉన్న టీ కప్పులు, పండ్లరసాల అట్టడబ్బాలు, మెరుపు కాగితం, బంగారు పూత ఉన్న శుభలేఖలు, దుకాణాల్లో ఇచ్చే నున్నని బిల్లులు పొయ్యికి పనికిరావు. వాటి పొగ హానికరం. నిగనిగలాడే రంగుల పత్రికల కాగితంలో సున్నపు పొడి, తెల్లమట్టి ఎక్కువగా ఉంటాయి. అవి మండవు సరికదా, బూడిదను పెంచుతాయి.

కాగితాన్ని అరచేతి కన్నా చిన్న ముక్కలుగా చింపి గోలెంలో నానబెట్టాలి. ఇందుకు మేము కొత్త నీళ్ళు వాడలేదు. వుజూ చేసిన నీళ్ళు కాలువలోకి పోయే చోట ఒక తొట్టి కట్టించాము. ఆ నీటితో మళ్ళీ వుజూ చేయటం కూడదు గాని, కాగితం నానటానికి అడ్డేమున్నది? ఎండాకాలంలో మూడు నాలుగు రోజులు చాలు. అంతకు మించితే వాసన పడుతుంది. తరువాత రోకలితో దంచి గుజ్జు చేయాలి. పిడికిట్లో తీసుకుని పిండితే వేళ్ళ సందుల్లోంచి అంబలిలా జారాలి. గుజ్జులో పెద్ద ముక్కలు మిగిలితే ఇటుక పొరలుగా విడిపోతుంది.

కాగితమొక్కటే అయితే ఇటుక గట్టిగా అతుక్కుని గాలి ఆడక సరిగా మండదు. అందుకే పొట్టు కలపాలి. మాది వేరుశనగ పండే ప్రాంతం కనుక కాయల పొట్టును నలిపి కలిపాము. వడ్రంగి దుకాణపు రంపపు పొట్టు, ఎండుటాకుల పొడి కూడా పనికివస్తాయి. ఎండు తూకంలో రెండు పాళ్ళు కాగితానికి ఒక పాలు పొట్టు మాకు బాగా కుదిరింది. కాగితపు నారే బంకలా పనిచేస్తుంది, వేరే జిగురు అవసరం లేదు.

అచ్చుకోసం ఖాళీ డబ్బా ఒకటి తీసుకుని, అడుగునా పక్కలా మేకుతో రంధ్రాలు చేయాలి. నడుమ ఒక గుండ్రటి కర్ర నిలబెట్టి చుట్టూ గుజ్జు నింపి, పైన చెక్కబిళ్ళ పెట్టి బలంగా అదమాలి. నీళ్ళు కారిపోయిన తరువాత కర్ర తీసివేస్తే నడుమ రంధ్రమున్న బిళ్ళ వస్తుంది. ఆ రంధ్రం గుండా గాలి ఆడి ఇటుక లోపలి నుండి కూడా రాజుకుంటుంది. మందం రెండంగుళాలు మించకూడదు, మించితే లోపల ఆరదు. ఎండలో రోజూ తిరగేస్తూ వారం పది రోజులు ఆరబెట్టాలి. ఆరిందో లేదో తెలియాలంటే ఒకదాన్ని విరిచి లోపలి భాగాన్ని చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్లే. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు. ఆరకముందే బూజు పడుతుంది.

లాభనష్టాల లెక్క

ఆ ఏడు ఏరగా మిగిలిన చిత్తుకాగితం నలభై కిలోలు. దానికి ఇరవై కిలోల పొట్టు కలిపితే సుమారు నాలుగు వందల ఇటుకలు వచ్చాయి. ఎండిన తరువాత ఒక్కొక్కటి నూట యాభై గ్రాములకు అటూ ఇటూగా తూగింది. చలి ముదిరిన ఇరవై రోజులపాటు రోజుకు ఇరవై ఇటుకలు, వాటికి సమానంగా కట్టెలు కలిపి నీళ్ళు కాచాము. అంటే అరవై కిలోల కట్టెలు ఆదా అయ్యాయి.

ఇది గొప్ప ఆదా అని మేము చెప్పము. కిలో ఎండు కాగితం ఇచ్చే వేడి దాదాపు కిలో కట్టెలు ఇచ్చేంతే. కిలో వంటగ్యాసు ఇచ్చే వేడిలో అది మూడో వంతు. కనుక ఇంట్లో గ్యాసు పొయ్యి ఉన్నవారు దానిని తీసివేసి కాగితపు ఇటుకలకు మారమని సలహా ఇవ్వటం అవివేకమవుతుంది. ఈ ఇటుకలు మంట తక్కువగా, నిప్పు ఎక్కువసేపుగా ఉంటాయి. కట్టెలకన్నా బూడిద ఎక్కువ. నీళ్ళు కాచుకోవటానికి అవి సరిపోతాయి. నిప్పుల మీద నేరుగా రొట్టె, కబాబు కాల్చటానికి పనికిరావు. అచ్చుసిరా ఉన్న కాగితపు బూడిదను మేము కూరగాయల మడిలో వేయలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. ఈ పొయ్యి ఆరుబయటే ఉండాలి. చలి అని తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుంటే నిప్పుల నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేని విషం. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పసిపిల్లలు, బాలింతలు, ఆయాసమున్న పెద్దలు ఉన్న ఇళ్ళల్లో పొగ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పది రూపాయల పొదుపు కోసం ఒక ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు మనకు లేదు. ప్రాణం కూడా అమానతే.

పొయ్యి లేని ఇంటికి

పట్టణాల్లో అపార్టుమెంటులో ఉండేవారు ఇటుకలతో ఏం చేస్తారు? వారికి కాగితపు గుజ్జు మరో విధంగా ఉపయోగపడుతుంది. మా అమ్మగారు ప్రతి వేసవిలోనూ కాగితం, గుప్పెడు మెంతులు కలిపి నానబెట్టి, మెత్తగా రుబ్బి, వెదురు చేటలకు, బుట్టలకు పూసేవారు. మెంతుల జిగురు వల్ల గుజ్జు వెదురును పట్టుకునేది. సందులు మూసుకుని పిండి కూడా జారకుండా నిలిచేది. తెలుగునాట ఏ మతం వారింట చూసినా పాతతరంలో ఇటువంటి చేటలు ఉండేవి. అటువంటి బుట్టలో నేటి ఇళ్ళల్లో ఉల్లిపాయలు, వెల్లుల్లి నిలువ చేసుకోవచ్చు. ప్లాస్టిక్ బుట్టకు అది ఏమాత్రం తీసిపోదు.

కాశ్మీరులో ఇదే గుజ్జు ఒక కళగా ఎదిగింది. ఇరాన్, మధ్య ఆసియాల నుండి వచ్చిన పనివారితో ఆ లోయలో నిలదొక్కుకున్న ఈ కళలో కలందానులు, పెట్టెలు కాగితపు గుజ్జుతో చేసి రంగులద్దుతారు. చిత్తుకాగితం ఇంకో కలాన్ని దాచే పెట్టెగా మారటంలో ఎంత ఔచిత్యం ఉన్నదో చూడండి!

ఇక పిల్లలతో చేయించదగినవి: దినపత్రికను గ్లాసు చుట్టూ చుట్టి, అడుగు మడిచి, మట్టి నింపి టమాట, మిరప నారు పోయించండి. మొలక ఎదిగాక కాగితంతో సహా నేలలో నాటితే వేరు కదలదు, కాగితం మట్టిలో కలిసిపోతుంది. వంటింటి కూరగాయల తొక్కలతో ఎరువు చేసుకునేవారు తడి ఎక్కువై వాసన వస్తే చింపిన అట్టముక్కలు, రంగులు లేని కాగితం కలపండి. తడిని పీల్చుకుని వాసన తగ్గిస్తుంది. ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలను కుట్టి చిత్తుపుస్తకం చేయండి. మా మదరసాలో పిల్లలు లెక్కలు, చేతిరాత అభ్యాసం ఇప్పుడు వాటిలోనే చేస్తున్నారు. దానివల్ల కొత్త పుస్తకాల ఖర్చు తగ్గటమే కాదు, చిత్తుపెట్టె నిండటానికే ఎక్కువ రోజులు పడుతున్నది. వ్యర్థాన్ని ఉపయోగించటం కన్నా వ్యర్థాన్ని సృష్టించకపోవటం మేలైన పని.

మరొక మార్పు కూడా చేశాము. ప్రశ్నపత్రాలను ఇప్పుడు సగం కాగితం మీదే ఇస్తున్నాము. హదీసు, తఫ్సీర్ పరీక్షలలో సాధ్యమైన ప్రశ్నలన్నీ నల్లబల్ల మీదే రాస్తున్నాము. పరీక్ష ముగిశాక తుడిచివేస్తాము. తుడిచిన తడిగుడ్డను పిండిన నీళ్ళను పిల్లలు చెట్టు మొదట్లోనే పోస్తున్నారు. మేము చెప్పలేదు. తఖ్తీ సంగతి ఒకసారి విన్నారు, అంతే.

గోడమీద సంచి

గత చలికాలంలో ఒక తెల్లవారుజామున ఫజ్ర్‌కు ముందు మేము పొయ్యి దగ్గరకు వెళ్ళాము. ఖాలా ఒక్కొక్క ఇటుకను దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి మరీ నిప్పులో పెడుతున్నారు. “అన్నీ ఏరినవే ఖాలా, భయం లేదు” అన్నాము. “మీరు ఏరారు మౌల్వీ సాబ్. పొయ్యిలో పెట్టేది నేను కదా” అన్నారు ఆవిడ.

మేము పుస్తకాల్లో ఏళ్ళ తరబడి చదివి, బోధించిన అమానతు అన్న మాటకు ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం మాకు ఎక్కడా కనిపించలేదు. ముందున్నవారు చూసుకున్నారులే అని ఎవరికి వారు అనుకున్నందువల్లనే మా ప్రశ్నపత్రం బజ్జీల బండికి చేరింది. తన చేతిలోకి వచ్చినంత వరకు తనదే బాధ్యత అనుకున్న ఒక్క మనిషి వల్ల అదే పేరు నిప్పు నుండి తప్పించుకున్నది.

ఈ నెల పత్రిక చదవటం ముగిసిన తరువాత దీన్ని ఎక్కడ పెడతారో ఒక్కసారి ఆలోచించండి. మరొకరికి చదవటానికి ఇస్తే అది అన్నిటికన్నా మంచి ఉపయోగం. ఇవ్వలేకపోతే ఇంట్లో ఒక గోడకు ఈ రోజే ఒక గుడ్డసంచి వేలాడదీయండి. దానికి ఖర్చు లేదు, దాన్ని కుట్టటానికి ఒక పాత దిండు గలీబు చాలు.

ఆయన ప్రసాదించిన ప్రతి వస్తువునూ, అది ఎంత చిన్నదైనా, దాని విలువ ఎరిగి వాడుకునే వివేకాన్ని, పొరపాటు చూపించిన వారిని గౌరవించే వినయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.